షాపు వెలుగులో కొలిచిన టీవీలు

మీటరు పోస్టులో వచ్చిన రోజున షోరూమ్‌లో దాని మొహం చూసినవాళ్ళు లేరు. అట్టపెట్టె విప్పితే అరచేతిలో పట్టేంత తెల్లటి డబ్బా, వెనక మూడు పిన్నులు, ముందు మూడు రంధ్రాలు, పైన అంకెలు కనిపించే బుల్లి అద్దం. దాన్ని గోడ ప్లగ్గులో దోపి, టీవీ వైరు తెచ్చి దాంట్లో పెడితే ఆ టీవీ ఎన్ని వాట్ల కరెంటు తాగుతోందో చెప్తుంది. దాంతోపాటు పదహారు పేజీల పుస్తకం, ఓ ఉత్తరం. కరెంటు పొదుపు శాఖవాళ్ళు దుకాణాల కోసం కంప్యూటర్లో వాడుకునే అంచనా పత్రం ఒకటి తయారుచేశారట. సెట్టు సైజు, ఆన్‌లో ఉన్నప్పటి వాట్లు, రిమోట్‌తో కట్టేశాక కూడా లాగే వాట్లు ఎక్కిస్తే చాలు, ఏడాదికి ఎన్ని యూనిట్లవుతాయో లెక్కకట్టి పదికి ఇన్ని అని మార్కులు వేస్తుందట. ఆ కాగితం ప్రింటు తీసి సెట్టు కింద అంటించుకోవచ్చు. అంటించకపోతే అడిగే నాథుడు లేడు. ఇది మీ ఇష్టం, బలవంతం లేదు, తనిఖీ లేదు అని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు పాపం. ప్రభుత్వంవాళ్ళు బలవంతం లేదన్నాక దాన్ని ఎక్కడ పెడతారో వేరే చెప్పాలా? పాత బిల్లు పుస్తకాల అరలో అడుగున పెట్టారు.

దాన్ని అక్కడినుంచి బయటికి లాగింది ఆవిడ.

ఆవిడ ఆ షోరూమ్‌లో పదకొండేళ్ళుగా మూడో వరసలో నిలబడి టీవీలు అమ్ముతోంది. నలభై మూడేళ్ళ మనిషి. మీటరు వచ్చేనాటికి మొగుడు పోయి పదిహేను నెలలు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఓ మంగళవారం పొద్దున గడ్డం గీసుకుంటూ బాత్రూమ్‌లో కూలబడిపోయాడు, ఒక చెంప మీద నురగ అలాగే ఉంది. ఆవిడ ఏడవలేదు. ఏడవకూడదని పంతమేం పట్టలేదు, రాలేదంతే. అత్తగారు ఇద్దరి వంతూ ఏడ్చింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, గుండె కాదు రాయి అని గుమ్మం దాటకముందే అనేశారు. అనేవాళ్ళదేం పోయింది, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

రాయీ కాదు, రప్పా కాదు. మొద్దుబారిపోయింది, అంతే సంగతి. టీలో చక్కెర ఉందో లేదో తెలిసేది కాదు. ఒకసారి ఇస్త్రీపెట్టె చేతికి తగిలితే అత్తగారు అరిచాక గానీ చెయ్యి తియ్యలేదు. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వచ్చి ఆగి వెళ్ళిపోయేది. పొద్దున లేచేది, స్నానం చేసేది, అత్తగారికి మాత్రలు తీసిపెట్టేది, షోరూమ్‌కి వచ్చేది. ఏ పనీ మానలేదు, ఏ పనిలోనూ మనిషి లేదు.

రెండు వారాల సెలవయ్యాక ఆవిడ తిరిగొచ్చినప్పుడు కొనేవాళ్ళు ఎదురుగా నిలబడి ఏదన్నా అడిగితే వాళ్ళ మొహంలోకి చూస్తూ ఉండిపోయేది. ఎవరు మాత్రం ఎంతసేపు నిలబడతారు? పక్క వరసకి పోయేవాళ్ళు. అమ్మకాల పట్టీలో ఆవిడ పేరు పక్కన సున్నాలు పడితే రెండో నెలకే ఇంటికి పంపించేసేవాళ్ళు. సున్నాలు పడలేదు. పడకుండా చూసిన మనిషి జిగేలు.

అది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. ఒక టీవీ కంపెనీ తరఫున షోరూమ్‌లో నిలబడి తమ సెట్లు ఆడించి చూపించే మనిషి ఆయన. జీతం కంపెనీది, నిలబడే చోటు షోరూమ్‌ది. గుమ్మంలోకి రాగానే ఎడమచేతి పక్క మూల, వరసగా తొమ్మిది సెట్లు, పంతొమ్మిదేళ్ళుగా ఆయన సామ్రాజ్యం. రోజూ అందరికంటే ముందొచ్చి తొమ్మిదింటినీ మెత్తటి గుడ్డతో తుడిచి, రిమోట్ పట్టుకుని ఒక్కొక్కదాని వెలుగూ తారస్థాయికి ఎక్కించేవాడు. లోపలికి అడుగుపెట్టినవాడికి కళ్ళు జిగేలుమనాలి, అప్పుడే సగం అమ్మేసినట్టు అనేవాడు. దాంతో కుర్ర సేల్స్‌వాళ్ళ నుంచి యజమాని దాకా అందరికీ జిగేలైపోయాడు. ఆవిడ ఒక్కతే అన్నయ్యా అనేది. ఆవిడ తిరిగొచ్చిన మొదటి రెండు నెలలూ తను అమ్మిన సెట్లలో మూడో వంతు బిల్లు మీద ఆవిడ నంబరు వేయించాడాయన. తనకు కంపెనీ ఇచ్చే బహుమతి పోయినా పట్టించుకోలేదు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ కూడా ఎత్తలేదు, ఎత్తాలన్న సంగతి తట్టేంత తెలివి అప్పుడెక్కడిది?

సరే, మీటరు సంగతి. బిల్లు పుస్తకాల కోసం అరలో చెయ్యిపెడితే ఆ డబ్బా దొరికింది. మధ్యాహ్నం బేరాలు లేవు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేసింది. మర్నాడు యజమాని దగ్గరికెళ్ళి, పొద్దున తలుపులు తీసేలోపు గంటన్నర ముందొచ్చి నేను కొలుస్తాను సార్ అంది. యజమాని తల గోక్కున్నాడు. ఖర్చు లేదు, పైగా పూర్తిచేసిన దుకాణానికి గోడకు తగిలించుకునే ప్రశంసాపత్రం ఇస్తామన్నారు. నీ ఓపికమ్మా అన్నాడు.

మొత్తం నలభై ఒక్క సెట్లు. పుస్తకంలో ఎలా రాశారో అలా, పొల్లు పోకుండా చేసింది. ఒక్కో సెట్టు ముందు స్టూలేసుకుని కూర్చుని అరగంట ఆడించి, పదేసి నిమిషాలకి మీటరు అంకె రాసుకుని, మూడూ కూడి సగటు తీసేది. తర్వాత రిమోట్‌తో కట్టేసి పావుగంట ఆగి మళ్ళీ రాసేది. కట్టేసిన సెట్టు కూడా కాస్త కాస్త లాగుతూనే ఉంటుంది కదా, అదీ లెక్కే. రోజుకి రెండు సెట్లు తప్ప అయ్యేవి కావు. అప్పటిదాకా గోడలకు వేలాడుతున్న సెట్లని కొలిచేముందు ఒక్కొక్కటీ దింపించి బల్ల మీద పెట్టించేది. ఎందుకమ్మా ఈ చాకిరీ అని సామాన్లు మోసేవాళ్ళు గొణిగేవాళ్ళు. పుస్తకంలో ఉంది అనేది. దాంతో ఆవిడకీ పేరు పడింది, కొలతలమ్మ.

అది సంతోషమా అంటే కాదు. అంకె రావడం, అంకె రాసుకోవడం, అంతే. మీటరు నువ్వెలా ఉన్నావని అడగదు. ఆ గంటన్నర మాత్రం తొందరగా గడిచేది, మిగతా రోజు గడిచేది కాదు.

నాలుగు వారాల పైనే పట్టింది. నలభై ఒక్క కాగితాలూ ప్రింటు తీసి సెట్ల కింద అంటించింది. చాలావాటికి ఏడు, ఎనిమిది మార్కులు పడ్డాయి. మూలనున్న తొమ్మిదింటికి మాత్రం మూడు, నాలుగు. ఒకదానికైతే రెండే. అన్నయ్యా, మీ సెట్లు బాగా తాగుతున్నాయి అని చెప్పింది, గోడ గడియారం ఎంతైందో చెప్పినట్టు. వెలుగు ఊరికే వస్తుందామ్మా అని నవ్వాడాయన.

కొనేవాళ్ళు కాగితాలు చదవరనుకున్నారందరూ. చదివారు. మన జనానికి మార్కులంటే ఎంత మోజో చూడండి, వాట్లంటే ఏమిటో తెలియని మనిషి కూడా పదికి మూడంటే పెదవి విరుస్తాడు. నెల తిరిగేసరికి మూలలో బేరాలు సగానికి పడిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆ మూల కోసం కంపెనీతో ఉన్న ఒప్పందం ముగిసింది. ఇన్నేళ్ళూ యజమాని చూడకుండా సంతకం పెట్టేసేవాడు. ఈసారి ఆ చోటు మాకిస్తారా అని ఇంకో కంపెనీవాళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారు. యజమాని కాగితాలన్నీ తెప్పించి బల్ల మీద పరిచాడు. ఈ లెక్కలన్నీ ఖాయమేనా అని ఆవిడని పిలిచి అడిగాడు. ఖాయమే సార్, ఒక్కోటీ మూడుసార్లు చూశాను అంది. అబద్ధం కాదు, మూడుసార్లూ చూసింది.

మూల పాత కంపెనీ చేతుల్లోంచి పోయి కొత్త కంపెనీకి దక్కింది. తొమ్మిది సెట్లలో పోయినన్ని తగ్గింపులో అమ్మేసి మిగతావి తిప్పి పంపేయమన్నారు. ఆ కంపెనీకి ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేదు. చోటు లేకపోతే నిలబడే మనిషితో పనేముంది? జిగేలుకి యాభై ఐదేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా చేసింది ఆ ఒక్క పనే. ఆ వయసువాణ్ణి రోజుకి పది గంటలు నిలబడే ఉద్యోగంలోకి ఎవరు తీసుకుంటారు? ఆఖరి రోజు ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చెప్పి, మూడో వరసలోకి వచ్చాడు. వస్తానమ్మా అన్నాడు. సరే అన్నయ్యా అని, ఆవిడ చేతిలో ఉన్న పెట్టె మీద ధర అంటించుకోవడంలో పడిపోయింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక అనిపించింది, ఇప్పుడు నాకు బాధ కలగాలి కదా అని. జేబులో తాళంచెవి వెతుక్కున్నట్టు లోపల వెతుక్కుంది. దొరకలేదు. పాపం ఆయన, అని పైకి అని చూసింది. పక్కసీటులో కూర్చున్నావిడ ఏమిటమ్మా అంది. ఏం లేదండీ అని కిటికీ వైపు తిరిగింది.

పదిరోజుల తర్వాత రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ షోరూమ్‌కి వచ్చింది. మూలలోని తొమ్మిదిలో ఒకదాన్ని తగ్గింపులో కొనుక్కున్న మనిషే. మార్కులు రెండే అని అందరూ వద్దన్నా, నాకు బొమ్మ బాగా కనిపిస్తే చాలు అని పట్టుకుపోయింది. పోతూపోతూ, కొన్నవాళ్ళకి మీటరు రెండురోజులు అరువిస్తామని గోడ మీద రాసుంటే చూసి అదీ పట్టుకుపోయింది. ఇప్పుడు మీటరు తిరిగిస్తూ, చేతిసంచిలోంచి ఎక్సర్‌సైజు పుస్తకం కాగితం తీసింది. గళ్ళు గీసి, తేదీలు వేసి, టైములు రాసి ఉంది.

“మీ కాగితంలో నూట నలభై ఆరు వాట్లని ఉంది. మా ఇంట్లో యాభై ఎనిమిది దాటట్లేదు. నాలుగుసార్లు చూశాను. తప్పు నాదా, మీదా?”

టీచరమ్మ పోట్లాటకి రాలేదు. తక్కువొస్తే ఎవరు పోట్లాడతారు? లెక్క కుదరక నిద్రపట్టని రకం, అంతే. చూసి చెప్తానండీ అని పంపించేసి, ఆవిడ గోడౌన్‌లోకి వెళ్ళింది. తొమ్మిది సెట్లలో ఒకదాని అంచు గీసుకుపోయిందని కంపెనీ వెనక్కి తీసుకోలేదు, అది గోడకానించి ఉంది. మీటరు పెట్టి ఆన్ చేసింది. నూట నలభై ఎనిమిది, దాని కాగితంలో ఉన్నంతే. బాగానే ఉంది కదా అనుకుంది. రిమోట్‌లో ఏదో నొక్కబోతే ఇంకేదో నొక్కుకుని తెర మీద పట్టీ ఒకటి వచ్చింది. దాంట్లో అడుగున, వాడే చోటు అని ఉంది. పక్కన రెండు మాటలు, షాపు, ఇల్లు. షాపు దగ్గర గుర్తు పెట్టి ఉంది. ఇల్లు నొక్కింది. తెర మీద మబ్బు పట్టినట్టయింది, అంతకుముందు జిగేలుమన్న ఎరుపు వెలవెలబోయింది. మీటరులో అంకె దిగుతూ దిగుతూ యాభై ఏడు దగ్గర ఆగింది.

మళ్ళీ షాపు నొక్కింది, నూట నలభై ఎనిమిది. ఇల్లు నొక్కింది, యాభై ఏడు. అలా ఆరుసార్లు నొక్కింది. టీచరమ్మ ఇంట్లో సెట్టు బిగించడానికెళ్ళిన కంపెనీ కుర్రాడు ఇదే నొక్కి ఉంటాడు.

పుస్తకం తీసుకొచ్చి చూసుకుంది. పదకొండో పేజీలో ఉంది, సెట్టును ఇంట్లో వాడే అమరికలో పెట్టి కొలవాలి అని. చదవలేదా అంటే చదివింది, కింద గీత కూడా గీసింది. ఇంట్లో వాడే అమరిక అంటే గోడకి కాకుండా ఇంట్లోలా బల్ల మీద పెట్టాలేమో అనుకుంది మహాతల్లి! అందుకే అన్నేసి సెట్లు దింపించింది. నవ్వకండి. బయటివాళ్ళు ఎవరైనా అయితే ఈ తప్పు చేసేవాళ్ళు కాదు. పదకొండేళ్ళు షోరూమ్‌లో నిలబడ్డ మనిషికి టీవీ అంటే అలా జిగేలుమంటూ ఉండేదే. అది దుకాణం కోసం వేసుకున్న వేషమని, ఇంటికెళ్ళాక దానికి ఇంకో మొహం ఉంటుందని ఆలోచనే రాదు. పప్పులో కాలేసిందంటే మామూలుగా కాదు, మోకాలిదాకా వేసింది.

మిగతా ముప్ఫై రెండు సెట్లూ వెంటనే చూసుకుంది. అన్నిట్లోనూ ఇల్లు దగ్గరే గుర్తుంది. వాటిని రోజూ తుడిచి వెలుగెక్కించే దిక్కు ఎవరూ లేరు, పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటి లెక్కలన్నీ సరైనవే. తప్పు లెక్క పడ్డవి ప్రేమగా చూసుకునే మనిషి ఉన్న తొమ్మిది సెట్లే. గీసుకుపోయిన సెట్టు అంకెలు పత్రంలో మళ్ళీ ఎక్కించి చూస్తే తొమ్మిది మార్కులు పడ్డాయి. షోరూమ్ మొత్తంలో దానికి మించింది లేదు.

గోడౌన్‌లో ఆ అట్టపెట్టెల మధ్య నిలబడి, నా వల్ల ఆయన ఉద్యోగం పోయింది అని ఒక్కొక్క మాటా విడదీసి అనుకుంది. తెలిసింది. తెలియడం వేరు, తగలడం వేరు. తగల్లేదు. చీమ కుట్టినట్టు కూడా లేదు. అదొక్కటే కాస్త భయమనిపించింది ఆవిడకి, ఇంత జరిగినా నాకేమీ కాదా అని.

యజమాని దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన దుర్మార్గుడేం కాదు. విన్నంతసేపూ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“ఎవరైనా అడిగారా?” అన్నాడు.

“లేదు సార్.”

“అడుగుతారా?”

“అడగరు సార్. ఇష్టమైతేనే చేసేది కదా.”

కొత్త కంపెనీతో మూడేళ్ళకి సంతకాలైపోయాయని, బోర్డులు కూడా దిగాయని, ఇప్పుడీ సంగతి బయటపెట్టి బాగుపడేవాడు ఒక్కడూ లేడని చెప్పాడు. ఉద్యోగం తీసేస్తానని అనలేదు, పొరపాట్లు మానవులకే వస్తాయమ్మా అన్నాడు కూడా. అంత మెత్తగా అన్నాక ఇంకేం మాట్లాడాలి? పత్రంలో సవరించుకుంటానంది. నీ ఇష్టం అన్నాడు. ప్రశంసాపత్రం ఆయన కుర్చీ వెనక గోడ మీద వేలాడుతోంది.

మిగతా ఎనిమిది సెట్ల అంకెల కోసం నాలుగిళ్ళు తిరిగింది. తగ్గింపులో కొన్నవాళ్ళే, మీటరుతో వచ్చి కాసేపు కొలుచుకుంటానంటే కాదన్నవాళ్ళు లేరు. కంపెనీకి తిరిగి వెళ్ళిపోయిన వాటికి అదే రకం సెట్లు వేరే ఊరి దుకాణంలో ఉంటే ఒక ఆదివారం అక్కడికెళ్ళింది. తొమ్మిదింటికీ సవరించిన కాగితాలు వచ్చాయి. ఎక్కించడం అయిపోయాక కంప్యూటరు ధన్యవాదాలు అంది, అంతే, ఇంకేం జరగలేదు.

ఆయన ఇంటికి ఎందుకు వెళ్ళిందంటే, పశ్చాత్తాపం తరిమి కాదు. పదిహేనో పేజీలో ఉంది, సవరణ చేసినప్పుడు సంబంధించినవాళ్ళకి తెలియజేయాలని. పదకొండో పేజీ సరిగ్గా చదవని మనిషి పదిహేనో పేజీని తు.చ. తప్పకుండా పాటించింది.

సెలవురోజు పదకొండు గంటలకి వెళ్ళింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని పరదాలకి అంచులు కుడుతోంది. పక్కన కుర్చీ మీద కుట్టాల్సినవి ఇంతెత్తున పేరుకుని ఉన్నాయి. ఆయన ఎక్కడికో బయల్దేరే వాడిలా ఇస్త్రీచొక్కా వేసుకుని, ఎక్కడికీ బయల్దేరకుండా మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రామ్మా, రా అని ఆమె మిషను ఆపకుండానే పలకరించింది. పనేమైనా దొరికిందా అన్నయ్యా అని అడిగితే, ఒకచోట కాపలా పని ఉందన్నారు గానీ రాత్రి డ్యూటీ, ఈయనకి రాత్రిపూట కంట్లో చుక్కల మందు వెయ్యాలి, కుదర్లేదు అని ఆమే చెప్పింది.

ఆవిడ సంచిలోంచి తొమ్మిది కాగితాలూ తీసి బల్ల మీద పెట్టింది. షాపు, ఇల్లు, నూట నలభై ఎనిమిది, యాభై ఏడు, యజమాని ఏమన్నాడు, అన్నీ వరసగా చెప్పేసింది. నా తప్పు వల్లే మీ ఉద్యోగం పోయింది అన్నయ్యా అని ముగించింది, చదివి వినిపించినట్టు. మిషను చప్పుడు ఆగిపోయింది.

ఆయన కాగితాలు ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని చూశాడు. తొమ్మిది వచ్చిందా అని మొహం ఇంత చేసుకున్నాడు. తర్వాత వాటిని సర్ది, అంచులు సమానం చేసి, బల్ల మీద పెట్టాడు.

“నాకు తెలుసమ్మా” అన్నాడు.

“ఏం తెలుసు?” అంది భార్య.

“షాపు వెలుగులో పెట్టి కొలుస్తోందని. నా మూలకొచ్చిన మొదటిరోజే చూశా.” ఆయన భార్య వైపు కాకుండా ఆవిడ వైపే చూస్తూ చెప్పాడు. “చెప్దామనే వచ్చా. నువ్వు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ అంకెలు కూడుతున్నావు. మీ ఆయన పోయాక నిన్నలా చూడలేదు. ఒక్క మాటంటే పుస్తకం మూసేసి మళ్ళీ మూడో వరసలోకి పోయి నిలబడిపోతావనిపించింది. నోరు రాలేదు. కాగితాలే కదా, ఎవడు చదువుతాడులే అనుకున్నా.”

“సరే, అప్పుడు అనుకున్నారు,” అంది భార్య. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “వాళ్ళు మూల ఖాళీ చేయమన్నప్పుడు?”

ఆయన కాగితాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చెప్తే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది కదా, మనకైతే నువ్వు కుడుతున్నావు, నేను ఏదో ఒకటి చూసుకుంటాను, ఆవిడకెవరున్నారు అన్నాడు.

ఆవిడకి మొదట చెవులు వేడెక్కాయి. ఏమిటో అర్థం కాలేదు. జ్వరమేమో అనుకుంది. తర్వాత తెలిసింది, కోపమని. అరికాలి మంట నెత్తికెక్కడమంటారే, అది మాట వరసకి అనేది కాదు, నిజంగానే కాళ్ళలోంచి పైకి వచ్చింది. పంతొమ్మిది నెలలు ఎక్కడుందో ఏమో, అంతా ఒక్కసారే వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

“నేను తప్పు చేస్తే తప్పని చెప్పాలి అన్నయ్యా. అందరూ నా దగ్గర మెల్లగా నడుస్తారు, మెల్లగా మాట్లాడతారు, తప్పు లెక్కకి కూడా తలూపుతారు. పోయింది ఆయన. నేను పోలేదు.”

గట్టిగానే అంది. మెట్ల మీద ఎవరో దిగుతున్నవాళ్ళు ఆగిన చప్పుడు వినిపించింది. ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకోకపోగా మొహం విప్పారింది. అదిగో, కోప్పడింది చూశావా అన్నాడు భార్యతో, తొమ్మిది మార్కుల కాగితం చూసినప్పటికంటే సంబరంగా.

భార్య ఒళ్ళోని పరదా తీసి మిషను మీద పడేసింది.

“ఆవిడకి కోపమొచ్చింది, మంచిదే. మనకి ఉద్యోగమొస్తుందా?”

ఆ మాట ఆవిడకి తగిలింది. కుర్చీలో మళ్ళీ కూలబడి ఏడ్చింది. ఆయన ఉద్యోగానికి ఏడుస్తోందో, సగం గీసిన గడ్డంతో పోయిన మొగుడికి ఏడుస్తోందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. జిగేలు ఏం చెయ్యాలో తెలియక లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన భార్య లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు ఆవిడ ముందు ఠపీమని పెట్టింది. తాగమ్మా అని అనలేదు. తిరిగొచ్చి తన చోట కూర్చుంది. సాయంత్రంలోగా ఇవ్వాల్సిన పరదాలు ఇంకా ఏడున్నాయి.